ఉడుకు నీళ్ల పీపా

పటాన్‌చెరు రోడ్డు మీద ఉన్న షోరూములో కొత్త ట్యాంకు అడుగునున్న గుండ్రటి మూత విప్పి చూపించినప్పుడు, అందరిలా గ్యారంటీ ఎన్నేళ్లని అడగకుండా, నేను వంగి ఆ రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. కొత్త లోహం వాసన, రబ్బరు వాసన, గోదాములో పడి ఉన్న అట్టపెట్టెల వాసన. అంతే. అయినా నమ్మకం కుదరక రెండోసారి చూశాను.

“దాంట్ల ఏముంటది మేడమ్, కొత్త మాల్ అది,” అని నవ్వాడు ట్యాంకులు చూపిస్తున్న శ్రీనివాస్.

కిష్టారెడ్డిపేటలో మేం కట్టుకుంటున్న ఇంటికి గీజర్లకు బదులు హీట్ పంప్ పెట్టుకుందామనుకున్నాం. గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే యంత్రమది. కాచిన నీళ్లు నిలవుండే సిలిండర్‌ను మాత్రం మనమే ఎంచుకోవాలి. నూటయాభై లీటర్లా, రెండు వందలా, మూడు వందలా? లోపల గాజు పూత ఉన్నదా, మొత్తం స్టీలుదా? ఉప్పు తేలే మా బోరు నీళ్లకు ఏది ఆగుతుంది? నెల రోజులుగా ఇదే నా బెంగ. ఒకటి ఖాయం చేస్తాను, ఇంటికి రాగానే మనసు మారుతుంది, మళ్లీ ఫోన్ చేస్తాను. “ఒక్క ట్యాంకు కోసం ఇంత పరేషాన్ ఏంది?” అని మా ఆయన విసుక్కున్నాడు. నీళ్లు కాచుకునే పీపా ఒకటి మా ఇంట్లో ఏం చేసిందో ఆయనకు నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి బొల్లారంలో ఒక మందుల కంపెనీలో బాయిలర్ ఆపరేటర్‌గా చేరాడు. ఆ పక్క ఊళ్లోనే సత్తెమ్మ అనే రైతు ఇంటావిడ పెరట్లో కట్టించిన నాలుగు రేకుల గదుల్లో ఒకటి మేం కిరాయికి తీసుకున్నాం. అమ్మ, నాన్న, తొమ్మిదేళ్ల నేను, ఐదేళ్ల చెల్లెలు రమణి. చలికాలం పొద్దున్నే రేకుల అంచుల నుంచి మంచు చుక్కలు చుక్కలుగా రాలుతుంటే, కంపెనీల వైపు నుంచి వచ్చే ఘాటైన పొగమంచు గొంతులో గరగరలాడుతుంటే, కంకర రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొడుతుంటే, మేమిద్దరం దుప్పటి వదలకుండా గోడకు అతుక్కునేవాళ్లం. మూడు రాళ్ల పొయ్యి మీద అమ్మ కాచే ఒక్క తపేలా నీళ్లను నలుగురం పంచుకోవాలి. చివర చేసేవాళ్లకు మిగిలేవి గోరువెచ్చనివి కూడా కాదు. రోజంతా టన్నుల కొద్దీ ఆవిరి పుట్టించే మనిషి ఇంట్లో పిల్లలు వణుకుతూ స్నానం చేయడం నాన్నకు తలవంపుగా ఉండేది.

పెరటికి అవతల సత్తెమ్మగారి రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, ఆ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు. గింజలు ఒలిచిన మక్క బెండ్లు, పత్తి కట్టె వేసి రాజేస్తే తెల్లవారేసరికి ఆ ఇంటిల్లిపాదికీ సరిపడా నీళ్లు కాగేవి. అడిగితే ఇచ్చేదే. నాన్న అడగలేదు.

ఆ ఏడు దీపావళికి పది రోజుల ముందు ఆయన ఒక ఇనుప డ్రమ్ము తెచ్చాడు. రోడ్డు పక్కన పాత సామాను అమ్మేచోట వరసగా పేర్చి ఉన్న కంపెనీల ఖాళీ డ్రమ్ముల్లో తట్టి, వంచి, వెలుతురుకు పట్టి చూసి మరీ ఎంచుకున్నాడట. దాని మీది రంగు, అక్షరాలు ఎవరో ముందే గీకేశారు. నాన్న దానికి కుళాయి పెట్టించాడు, మూత చేయించాడు, ఇటుకలతో పొయ్యి కట్టాడు. బూడిదతో, చింతపండుతో తోమి, మూడు రోజులు నీళ్లు నింపి పారబోశాడు. బడి నుంచి రాగానే నేనూ రమణీ డ్రమ్ములో తల పెట్టి పేర్లు పిలుచుకునేవాళ్లం. మా గొంతులే బొంగురుగా తిరిగొచ్చేవి.

“ఏమండీ, ఇంకా మందు వాసనొస్తోంది,” అంది అమ్మ.

“నీ ముక్కుకి అన్నీ వాసనలే!” అన్నాడు నాన్న. అబద్ధమాడలేదు. ఆయన చొక్కా రోజూ అదే వాసనతో ఇంటికొచ్చేది. ఆ వాసనలోనే బతికే మనిషికి అది వాసనగా తోచలేదు.

దీపావళి తలంటుకు నువ్వుల నూనె పట్టించి, నలుగు పెట్టి, మా ఇద్దర్నీ పెరట్లో పీటల మీద కూర్చోబెట్టారు. తూర్పున ఎర్రబడుతోంది. సత్తెమ్మగారి వంటింట్లో గర్జెలు వేగుతున్న కమ్మని వాసన, పక్క గది బీహారు వాళ్ల రేడియోలో ఏదో పాట, ఎక్కడో తొందరపడినవాళ్ల టపాకాయ. కొత్త పొయ్యి భగభగ మండుతోంది. నాన్న కుళాయి తిప్పి, పొగలు కక్కే నీళ్లు బకెట్లో పడుతుంటే మా వైపు చూసి, “ఇవాళ్టి నుంచి ఎవరికెన్ని కావాలంటే అన్ని!” అన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చాలా రోజులు చూడలేదు.

“ఆగండి,” అని అమ్మ ఆ బకెట్ తీసుకుని, చల్లనీళ్లు కలిపి, స్నానాల తడిక వెనక్కి వెళ్లింది.

ఎంతకీ రాలేదు. నూనె కళ్లలోకి కారుతోంది. ఎండిన నలుగు దురద పెడుతోంది. రమణి ఏడుపు మొదలుపెట్టింది.

“బకెట్‌కి పూజ చేస్తున్నావా?” నాన్న కేకేశాడు.

అమ్మ చేతికి పమిట చుట్టుకుని బయటికొచ్చింది. “ఈ నీళ్లొద్దు. పిల్లల్ని సత్తెమ్మగారింటికి పంపుతాను.”

పది రోజుల చాకిరీ. చుట్టూ చూస్తున్న గదులవాళ్లు. నాన్నకు తల కొట్టేసినట్టయింది. రమణిని ఎత్తుకుని తడిక వైపు నడిచాడు. అమ్మ అడ్డంగా నిలబడింది. ఆయన పక్కనుంచి పోబోయాడు. అప్పుడు అమ్మ పమిట విప్పింది.

వేళ్ల నుంచి మోచేతి దాకా ఎర్రగా కమిలిపోయి ఉంది. నీళ్లు వేడెక్కువై కాదు, ఆ నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. అంతసేపూ అమ్మ తన చేతిని బకెట్లో ముంచి కూర్చుంది.

నాన్న రమణిని కిందికి దించాడు. దించి, తన అరచేతులు రెండూ చొక్కాకు తుడుచుకున్నాడు. నేనెందుకో ఆ చేతులే చూస్తూ ఉండిపోయాను.

గొడవ విని సత్తెమ్మగారు వచ్చింది. అమ్మ చెయ్యి చూసి, “అయ్యో బిడ్డా!” అని బావి నీళ్లు తోడి పోస్తూనే నాన్న మీద విరుచుకుపడింది. “ఇంట్ల రాగి బాయిలర్ కాలుతనే ఉన్నది గదా! గీ పీపా ఎందుకు తెచ్చినవ్ కొడుకా? నన్నడిగితే ఒద్దంటునా?”

“అడగడానికి మొహమాటమండి,” అన్నాడు నాన్న నేల చూస్తూ.

“మొహమాటమట! జల్దీ దవఖానకు తీస్కపో.”

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పక్క గదివాళ్లు వచ్చి, మీకొద్దంటే డ్రమ్ము మాకివ్వండి, నీళ్లు పట్టుకుంటామని అడిగారు. నాన్న ఇవ్వలేదు. సత్తెమ్మగారి గడ్డపార అడిగి తెచ్చాడు. ఆయన ఆ ఇంటివాళ్లను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. డ్రమ్మును పడుకోబెట్టి ఒక్కొక్క పోటే పొడిచాడు, అడుగునా పక్కలా, ఇంకెవరికీ పనికిరాకుండా. పండగపూట ఊరంతా టపాకాయలు పేలుతుంటే మా పెరట్లో ఆ చప్పుడు.

మరుసటి రోజు నుంచి మా స్నానాలు సత్తెమ్మగారి బాయిలర్ దగ్గరే. ఒక చెంబు ఉడుకు నీళ్లు తీసుకుంటే ఒక చెంబు చల్లనీళ్లు పోయాలన్నది ఆమె చట్టం. బడి పిల్లలు ముందు, పొలం పోయేవాళ్లు తర్వాత, షిఫ్టు దిగి వచ్చిన నాన్న వేళ ఎప్పుడైతే అప్పుడు. “ఓ పిల్లా, తానానికి రా, నీళ్లు ఉడుకుతున్నయ్!” అని ఆమె పెరడంతా వినిపించేలా పిలిచేది. వరసలో నిలబడి బెండ్లు ఎగదోస్తూ మేం ఎక్కాలు అప్పజెప్పుకునేవాళ్లం. ఎవరికి జ్వరమో, ఎవరింట్లో అలకో ఆ వరస చూస్తే తెలిసిపోయేది. ఒక రోజు ఎవరైనా రాకపోతే సత్తెమ్మగారు గదికే వచ్చి తలుపు తట్టేది.

ఇప్పుడు ఆ పెరడు లేదు. సత్తెమ్మగారూ లేదు, నాన్నా లేడు. ఆమె మక్క చేను మీద నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. రాగి బాయిలర్ ఏమైందని ఆమె మనవణ్ణి అడిగితే, ఏ బాయిలర్ అని అడిగాడు.

చివరికి రెండు వందల లీటర్ల స్టీలు సిలిండర్ తీసుకున్నాను. శ్రీనివాస్ దాన్ని మేడ మీద నిలబెట్టి, గొట్టాలకు బొంత లాంటిది చుట్టి, పోయిన వారం మేం ఆ ఇంట్లో దిగగానే నీళ్లు వదిలాడు. మొదటి బకెట్ ముందు పెట్టుకుని, అందులో చెయ్యి ముంచి చాలాసేపు కూర్చున్నాను. నా చేతికేమీ కాలేదు. అది చూసి, ఇప్పుడు మాతోనే ఉంటున్న అమ్మ, “చాల్లేవే, పోసుకో,” అంది.

అప్పటి నుంచీ ఏ గదిలో తిప్పినా వేడినీళ్లే. మంచి నీళ్లు, కావలసినన్ని. నిన్న పొద్దున తొమ్మిదింటికి మా అమ్మాయి ఇంకా లేవలేదేమోనని పైకి వెళ్లి చూశాను. గది ఖాళీగా ఉంది. స్నానం చేసి, తయారై, కాలేజీకి ఎప్పుడు వెళ్లిపోయిందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు.