నీళ్ళు ముందున్నాయి

ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు చాయ్ వచ్చింది. జమ్మలమడుగులో మేము దిగిన లాడ్జి కింద హోటల్ అప్పుడే తెరిచారు. నలుగురం నిలబడే తాగాం. నా చేతిలో ఉన్న నాలుగో గ్లాసు నా భర్తది కావలసింది. ఆయన ఆ ముందటి వానాకాలంలో గుండె ఆగి పోయారు.

ఈ ప్రయాణం అనుకున్నది ఆయనే. జహీరాబాద్‌లో ఆదివారాలు కలిసి నడిచే స్నేహితులు ముగ్గురు ఉండేవారు ఆయనకు. పెన్నా నది కొండను కోసుకుంటూ పోయిన లోయలోకి ఒక అంచు నుంచి దిగి, అడుగున నది వెంట నడిచి, అవతలి అంచు ఎక్కాలని, అదంతా ఒక్క పగటిలో పూర్తి చేయాలని ఏడాది ముందే అనుకున్నారట. ఆయన పోయాక ఆ ముగ్గురిలో ఇనుప సామాన్ల దుకాణం నడిపే ఆయన ఇంటికి వచ్చి, "అన్న జాగల మీరు రాండ్రి వదినా" అన్నాడు. ఎందుకు సరేనన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒక సంగతి తేల్చుకోవాలనుకున్నాను. అది నా భర్తను అడగవలసిన సంగతి. ఆయన ఉన్నప్పుడు అడగాలని తోచలేదు.

మేమిద్దరం నడిచిన తీరు గురించి. పెళ్ళయిన కొత్త నుంచి, సెలవు దొరికితే జహీరాబాద్ నుంచి ఝరాసంగం వైపు నడిచి వెళ్ళి షేర్ ఆటోలో తిరిగి వచ్చేవాళ్ళం. ఎర్రమట్టి బాట, రెండు వైపులా జొన్న చేలు, కంది చేలు. ఆయనది వేగం నడక. నాది కాదు. కాసేపటికే ఆయన కనిపించకుండా ముందుకు వెళ్ళిపోయేవారు. తర్వాత ఎక్కడో ఒక రాయి మీద కూర్చుని కనిపించేవారు. నేను దగ్గరికి రాగానే లేచి, నీళ్ళ సీసా అందించి, నేను రెండు గుక్కలు తాగేలోపు సీసా తీసుకుని "పోదామా" అని నడక మొదలుపెట్టేవారు. ఇరవై ఏళ్ళలో ఆ బాట మీద నేను కూర్చున్నట్టు గుర్తు లేదు. నీళ్ళు ఆయన సంచిలో, రొట్టెలు నా సంచిలో. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు. నేను ఆయనను చేరుకుంటే తప్ప నాకు నీళ్ళు లేవు, ఆయనకు తిండి లేదు.

ఆయన నా కోసం ఆగేవారా, నన్ను చూసి లేచిపోయేవారా? బయటివాళ్ళకు ఇది చిన్న విషయం. ఆయన పోయాక నాకు ఇదే మిగిలింది. ఆయన అనుకున్న నడక నడిస్తే, ఆయనతో నడిచినవాళ్ళ మధ్య ఉంటే, ఏదో ఒకటి తెలుస్తుందనుకున్నాను.

మిగతా ఇద్దరిలో ఒకామె దవాఖానలో నర్సు, నన్ను అక్కా అంటుంది. ఇంకొకాయన మొగుడంపల్లి దగ్గర చెరకు పండించే రైతు, తక్కువ మాట్లాడతాడు. మేము వచ్చిన వ్యాన్ మమ్మల్ని ఒక అంచున దింపి, రోడ్డు మీద చుట్టూ తిరిగి అవతలి అంచుకు వెళ్ళిపోయింది. ఇక వెనక్కి వచ్చే పని లేదు. పొద్దు గూకేలోపు ఎక్కకపోతే రాళ్ళలో దారి కనిపించదు.

"ఎండ నెత్తి మీదికి రాకముందే కిందికి దిగాలె. ఆగుడు లేదు, ఫోటోలు లేవు," అన్నాడు దుకాణం ఆయన.

"నీ పొట్ట ముందుగాల దిగుతది, నువ్వు దాని ఎనక రా," అంది నర్సు.

"నీ మోకాలు దవాఖానల జమ చేసి రావద్దా? నన్ను అంటున్నవ్."

లోయ పెద్దది. అంతకంటే ఎక్కువ చెప్పను. పై నుంచి చూసినప్పుడు అంతా కనిపించింది. దిగడం మొదలయ్యాక పాదం ముందున్న రాయి తప్ప ఏమీ కనిపించలేదు. నేను వెనకబడ్డాను. చాలాసేపటికి ఒక బండ నీడలో ముగ్గురూ కూర్చుని కనిపించారు. నేను దగ్గరికి వచ్చేసరికి దుకాణం ఆయన చేతులు దులుపుకున్నాడు.

"వదిన వచ్చింది. లేవుండ్రి, లేవుండ్రి."

లేచారు, నడిచారు. నాకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో తెలియలేదు. నా భర్త ఒక్కరే చేసే పని అనుకున్నది అందరూ చేస్తున్నారు. అంటే ఇందులో అర్థమే లేదా?

అడుగున నది పారడం లేదు. ఇసుక, గుండ్రాళ్ళు, అక్కడక్కడా పాచిపట్టిన మడుగులు. చెట్టంటే ముళ్ళ తుమ్మ. రెండు గోడల మధ్య గాలి ఆడలేదు. మగవాళ్ళిద్దరూ ముందు, నర్సు మధ్యలో, నేను చివర. నోరు పిడచగట్టుకుపోతుంటే సంచి విప్పాను. గుడ్డలో చుట్టిన జొన్న రొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డలు, తువాలు. నీళ్ళు లేవు. సీసా మరచిపోలేదు. సీసా పెట్టుకోవాలన్న ఆలోచనే రాలేదు.

నర్సు వెనక్కి తిరిగి చూసి ఆగింది. "అక్కా, నీళ్ళు తాగుతలేవు. సీసా ఏది?"

"ముందుంది," అన్నాను.

ఆమె ముందుకు చూసింది. దూరంగా రెండు వీపులు. "ఎవరి దగ్గర?"

నేను సంచి ముడి వేశాను. ఆమె నా ముఖం చూసి మళ్ళీ అడగలేదు. తన రెండో సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరనే ఉంచుకో. నాకు ఇయ్యకు, ఎవరికి ఇయ్యకు."

మధ్యాహ్నం ఒక చరియ కింద రొట్టెలు పంచాను. నర్సు మగవాళ్ళ మీద విరుచుకుపడింది. "ఒక్క సీసా లేకుండ అక్క లోయల దిగింది. మీరు చూసిన్రా?"

"అన్న గూడ గంతే," అన్నాడు దుకాణం ఆయన. "మాతోని వస్తే చేతులు ఊపుకుంట వచ్చేటోడు. మా సీసాలు ఖాళీ చేసేటోడు."

"నాది ఒకటి పోగొట్టిండు గూడ," అన్నాడు రైతు. ఆ రోజు రైతు నోట వచ్చిన మొదటి మాట అదే.

నేను అడిగాను. "మీతో నడిచినప్పుడు ఆయన మధ్యలో కూర్చునేవారా?"

"కూసునుడా? అన్ననా?" దుకాణం ఆయన నవ్వాడు. "నిలవడకపోయేటోడు వదినా. మేము కూసుంటే మమ్ముల విడిచిపెట్టి పోయేటోడు. ఇంటికి పోయినంక ఫోన్ చేసేటోడు, చేరిన్రా అని."

వాళ్ళతో నడిస్తే ఆయన నీళ్ళు మోయలేదు, కూర్చోలేదు. నాతో నడిస్తే రెండూ చేశారు. అయితే ఆగింది నా కోసమే. మరి నేను రాగానే ఎందుకు లేచేవారు? సగం తెలిసింది. దానితో మిగతా సగం ఇంకా అర్థం కాకుండా పోయింది.

ఎక్కడం మొదలయ్యేసరికి నర్సు మోకాలు వాచింది. మగవాళ్ళు దారి చూడడానికి పైకి వెళ్ళారు. నర్సు కుంటుతూ వస్తుంటే నేను ఆమె కంటే ముందు నడిచాను. నా వెనక ఒకరు ఉండి నేను నడవడం అదే మొదలు. నిటారుగా ఉన్న చోట ఒక బండ పక్కన కాస్త నీడ కనిపిస్తే కూర్చున్నాను. సీసా ఒళ్ళో పెట్టుకున్నాను. కింద నుంచి ఆమె తల కనిపించింది. నేను లేచి సీసా చాచాను.

"కూసో అక్కా, కూసో! నన్ను చూసి లేస్తవేంది? నేనేమన్న డాక్టరమ్మనా?"

ఎందుకు లేచానో నాకు తెలియలేదు. పొద్దు వాలుతోందనా? తీరిగ్గా కూర్చున్నానని ఆమె అనుకుంటుందనా? ఆ నీడ ఒక్కరికే సరిపోతుంది, ఆమెకు ఇద్దామనా? ఏ కారణమూ లేవక ముందు నా మనసులో లేదు. లేచాక వెతికితే మూడూ దొరికాయి.

ఆమె నేను లేచిన చోట కూర్చుంది. కాలు చాపుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. ఆయన కూడా ఆ చోటు నాకు ఖాళీ చేసేవారేమో. నేనెప్పుడూ ఖాళీ అయిన రాయిని చూడలేదు, వెళ్ళిపోతున్న ఆయననే చూశాను. అలాగైతే కూర్చోమని ఒక్క మాట అనవచ్చు కదా. కానీ నర్సుకు నేనూ ఆ మాట అనలేదు. ఆమె తనంతట తనే కూర్చుంది.

వెలుగు ఉండగానే పైకి చేరాం. వ్యాన్ డ్రైవర్ సీట్లో నిద్రపోతున్నాడు. దుకాణం ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని లోయ వైపు చూశాడు.

"అన్న ఉంటే ఎప్పుడో పైకి చేరి, వ్యాన్‌ల ఒక నిద్ర తీసి గూడ లేచి, ఏందిరా ఇంత లేట్ అంటుండె."

రైతు నా సంచి వైపు చూసి, "ఒక రొట్టె ఏమన్న మిగిలిందా అమ్మా?" అని అడిగాడు. ఒకటి మిగిలింది. ఇచ్చాను.

నర్సు మోకాలి వాపు తగ్గాక ఆమె, నేను కొన్ని ఆదివారాలు ఝరాసంగం బాటన నడుస్తున్నాం. ఆయన కూర్చునే రాళ్ళు నాకు తెలుసు. ఒక్కొక్కదాని మీదా కూర్చుని చూశాను. కొన్నింటి మీద ఒక్కరికే చోటుంది. అప్పుడు ఆయన లేవడం న్యాయమే అనిపిస్తుంది. కానీ కంది చేను మలుపు దగ్గర ఉన్న రాయి వెడల్పుగా ఉంటుంది. దాని మీద నర్సు, నేను కూర్చున్నాక కూడా సంచులకు చోటు మిగిలింది. ఆ రాయి మీద నుంచి కూడా ఆయన లేచేవారు. దానికి ఏం చెప్పుకోవాలో నాకు తెలియదు.

నర్సు సంచిలో ఆమె నీళ్ళు, రొట్టెలు ఉంటాయి. నా సంచిలో నావి ఉంటాయి. ఒకరు నీళ్ళు, ఒకరు రొట్టెలు మోయడం ఇప్పుడు లేదు.