తాడు తడవని రోజు

బోర్డులు రాసే ఆ పెయింటరుని ఊళ్లో అందరూ గద్ద అంటారు. ఆ పేరు కుంచె తెచ్చిపెట్టింది కాదు. రాయి తవ్వి వదిలేసిన క్వారీలో ఎన్నేళ్ల నుంచో నీళ్లు నిలిచాయి. నలభై అడుగుల అంచు మీద నుంచి అందులోకి మొదట దూకినవాడు అతనే. రోజంతా నిచ్చెన మీద నిలబడి, అక్షరం వంకరపోయిందని షాపులవాళ్ల చేత చీవాట్లు తినే మనిషి. గాలిలో ఉన్న ఆ కాసేపు మాత్రం అతన్ని అడిగే మొనగాడు లేడు. కింద జనం నోళ్లు తెరుచుకుని చూస్తారు. ఆ రుచి మరిగినవాడు ఇంట్లోవాళ్లు వద్దంటే వింటాడా?

అంచు మీద రెండు ఎర్ర పాదాలు వేసింది కూడా అతనే. వాటి మీద నుంచి దూకితే కింద లోతు ఖాయం. ఏటా ఎండాకాలం మొదట్లో బరువు కట్టిన తాడు నీళ్లలోకి దింపి, లోతు చూసుకుని, ఆ తర్వాతే పాదాలకి కొత్త రంగు వేసేవాడు. రంగు మెరుస్తోందంటే తాడు పడిందని అందరికీ నమ్మకం.

ఆ ఏడు చేతినిండా పని. తాడు సైకిలుకి చుట్టి తెచ్చాడు గానీ విప్పడానికి బద్ధకించాడు. పోయినేడు ఉన్న లోతు ఎక్కడికి పోతుందిలే అనుకుని రంగు పూసేశాడు. సాయంత్రం బామ్మర్ది వచ్చాడు. లారీ మెకానిక్కు, ముప్పై దాటినా బావలా దూకాలన్న మోజు తీరనివాడు.

"తాడు వేశావా బావా?"

"వెయ్యకుండా రంగేస్తానా?" అన్నాడు గద్ద, అందరూ వినేలా.

వానలకి క్వారీ గోడ నుంచి విరిగిపడిన బండ సరిగ్గా అక్కడే, నీళ్ల కింద ఉంది. దూకిన బామ్మర్దికి ప్రాణం దక్కింది. మెడ కింద ఇంకేదీ దక్కలేదు.

అక్క తమ్ముణ్ణి తన ఇంటికే తెచ్చుకుంది. ముందుగదిలో రంగు డబ్బాలు తీసేసి మంచం వేశారు. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఆమె భుజాలు పడితే మొగుడు నడుము పట్టేవాడు. తాడు బండ పక్కన పడి ఉంటుంది, మీరు మాత్రం ఏం చేస్తారని ఆమె అతన్నే ఓదార్చేది. ఆ ఓదార్పు చెప్పుదెబ్బలా తగిలేది.

ఎనిమిది నెలలకి ఉలి పట్టుకెళ్లి ఆ పాదాల రంగు చెక్కి తీసేశాడు. నల్లరాయి మీద రంగు పోయినచోట తెల్లటి పాదాలు తేలాయి, మునుపటికంటే బాగా కనిపిస్తూ. వెనక నుంచి ఎవరో, కొత్తగా వేశావా గద్దన్నా, అని సంబరంగా అడిగారు. అతను ఉలి అక్కడే పడేసి ఇంటికొచ్చేశాడు.

మంచం పక్కన కూర్చుని, "ఆ రోజు తాడు వెయ్యలేదురా" అన్నాడు.

బామ్మర్ది కప్పువైపే చూస్తున్నాడు. "తెలుసు బావా. సైకిలు మీద తాడు పొడిగా ఉంది, చూశాను. అంతమంది చూస్తుంటే వెనక్కి దిగడానికి సిగ్గేసింది." కళ్లు బావ వైపు తిప్పి అన్నాడు: "నువ్వు చెబుతావని ఇన్నాళ్లూ చూస్తున్నా."

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. అంతా వింది. తమ్ముణ్ణి తిప్పే వేళయింది. మొగుడు అలవాటుగా లేచి చేతులు చాచాడు. ఆమె అతని చేతులు పక్కకి తోసి, భుజాలూ నడుమూ తానే పట్టుకుని, ఒక్కతే తిప్పడం మొదలుపెట్టింది.