జాకీ దించాక బిగించిన నట్టు

మా చిన్నప్పుడు... ఆదివారం అమ్మ వాకిట్లో ముగ్గు వేయడమే ఆలస్యం, నాయన దాని మీదికే కారు తెచ్చి జాకీ పెట్టేవాడు.

బగ్దల్ నుంచి బీదర్‌కు మనుషుల్ని తిప్పే పాత కారు అది. మా ఇల్లు గడిచేది దాంతోనే. వెనక చక్రాల మీద కుదుపులు ఆపే కమాన్ పట్టీల చివర ఉండే రబ్బరు బుష్‌లు ఒక ఏడాది రెండుసార్లు చిరిగాయి. గుంత వస్తే చాలు, బండంతా కటకటలాడేది... ఎక్కినవాళ్లు దిగి జీపు ఎక్కేవాళ్లు.

"గిదే ఆఖరు. మళ్ల చిరిగితే అమ్మేస్త," అన్నాడు నాయన ఒక ఆదివారం, కొత్త బుష్‌ల డబ్బా విప్పుతూ.

డబ్బాలో ఒక మడత కాగితం ఉండేది. ఎప్పుడూ దాంతో చేతుల గ్రీజు తుడుచుకునేవాళ్లు. మా ఇంట్లో అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే... కన్నడ బడి, ఏడో తరగతి. ఆ రోజు కాగితం లాక్కున్నాను. ఇంగ్లిషు. కూడబలుక్కుని చదివాను. పక్కన బొమ్మ కూడా ఉంది... చక్రం నేలకు ఆనాకే పానా పట్టాలని.

అప్పటికే అమ్మ తమ్ముడు, భాల్కి మామ, జాకీ మీదున్న కారుకే బుష్‌ల నట్టు బిగిస్తున్నాడు.

"ఆగు మామా! గట్ల లేపి బిగిస్తే, దించినప్పుడు రబ్బరు మెలిపడి చిరుగుతదట. కిందికి దించినంకనే గట్టిగ బిగించాల్నట."

మామ పకపకా నవ్వాడు. "వచ్చిందమ్మా మిస్త్రీ! ఇరవై ఏండ్లసంది గిట్లనే బిగిస్తున్న."

"ఇరవై ఏండ్లసంది చిరుగుతనే ఉన్నయి గద మామా!"

నాయన నవ్వలేదు. కాగితం తీసుకుని ఆ బొమ్మనే చాలాసేపు చూశాడు. "లూజు చెయ్ బామ్మర్ది. పిల్ల సదివింది."

జాకీ దించారు. నాయన కారు కిందికి దూరి, బండి బరువు చక్రాల మీదున్నప్పుడే నట్టు బిగించాడు.

నేను పదో తరగతి దాటేదాకా ఆ బుష్‌లు చిరగలేదు. కారూ అమ్మలేదు... నా బడీ ఆగలేదు.

ఇప్పుడు డబ్బాల్లో కాగితం రావడం లేదు, ఫోన్‌లో చూసుకోమంటున్నారు. ఆ గ్రీజు మరకల కాగితం మాత్రం నా మార్కుల కార్డుతో పాటే దాచుకున్నాను.

మొన్న అదే వాకిట్లో, అదే కారు కింద నేను పడుకుని ఉంటే, దారిన పోయే పెద్దాయన ఆగాడు. "ఆడివిల్లకు గిదేం పనమ్మా?"

నేను బయటికి రాలేదు. "చక్రం నేలకు ఆనింది పెద్దయ్యా... బిగించినంక చెప్త," అన్నాను.

మీరు నేర్చిన చదువు మీ ఇంట్లో మొదటిసారి దేనికి అక్కరకొచ్చింది? ఎవరు నవ్వారు... ఎవరు నవ్వలేదు?