రెండు దీపాలుగా రాసిన నీళ్ల హీటరు

మొన్న గురువారం జమ్మలమడుగులో, కూతురింట్లో, మా మేనమామ పోయాడు. వైరింగు పని నాకు నేర్పింది ఆయనే. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నగల వ్యాపారి పాడె మీద దండ వేసి, కళ్లు తుడుచుకుని, "శానా మంచోడప్పా, పాపం. ఒక్క తప్పు చేసినాడు గానీ" అన్నాడు. నాకు రోత పుట్టింది. ఆ వ్యాపారి మీద సగం. మిగతా సగం ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఊళ్లోకి కరెంటు వచ్చిన కొత్తలో మామ ఎవరింటికి పోయినా ముందు తీగ ముట్టుకునేవాడు కాదు. గడప మీద కూర్చుని, ఇంటి ఆడవాళ్లను పిలిచి, ఏ దీపం ఎప్పుడు వేస్తారో అడిగి, సుద్దముక్కతో నేల మీద లెక్క వేసేవాడు. కాఫీ ఇస్తే లెక్క తేలాకే తాగేవాడు. చల్లారిపోయిందని మళ్లీ ఆయనే మూతి ముడిచేవాడు.

ఆ వ్యాపారి మద్రాసు నుంచి నీళ్లు కాచే పెద్ద హీటరు తెప్పించాడు. మూడు వేల వాట్లు. మామ దాన్ని రెండువందల ముప్పై వోల్టులతో భాగించి, పదమూడు ఆంపియర్లని తేల్చాడు. ఆ ఇంటి దీపాల తీగ అయిదుకు మించి మోయదు. మెయిన్ బోర్డు నుంచి వేరే లావు తీగ, వేరే ఫ్యూజు, ఎర్తు కావాలన్నాడు.

"కొత్తగా సున్నం గొట్టించిన గోడలప్పా! దీపాల తీగకే తగిలించు. అన్నీ ఒక్కసారి వేస్తామా యేంది?" అన్నాడు వ్యాపారి.

"దీపాలైతే తగ్గించి రాసుకోవచ్చు శెట్టీ. హీటరుకు ఆ తగ్గింపు ల్యా. వేసినంతసేపూ నిండుగా గుంజుతాది. నేను రాయను, పో."

వ్యాపారి తిట్టుకుంటూ వచ్చి నన్ను పట్టుకున్నాడు. "మీ మామకు చాదస్తం. నువ్వు సదువుకున్నోడివి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఉబ్బిపోయాను, ఛీ! హీటరును దీపాల తీగకే తగిలించి, కరెంటాఫీసుకిచ్చే కాగితం మీద దాన్ని రెండు దీపాలుగా రాసి, మామ పేరున్న రబ్బరు ముద్ర ఆయనకు తెలియకుండా గుద్దేశాను.

హీటరు వేసిన ప్రతిసారీ ఫ్యూజు పోయింది. పోవాలి కూడా. వ్యాపారి ఎవరినీ పిలవలేదు. బంగారంలో కలిపే రాగి తీగ ముక్క ఒకటి తెచ్చి ఫ్యూజులో బిగించాడు. ఇక అది పోలేదు, గోడ మీది తీగ అంటుకుంది. ఆ ఇంట్లో నీళ్లు తోడే ఆమె స్విచ్చు ఆపబోయి కుడిచెయ్యి కాల్చుకుంది.

విచారణకు వచ్చిన ఆఫీసరు కాగితం చూపించి, ఈ ముద్ర నీదేనా అని అడిగాడు. మామ నావైపు చూడనైనా చూడలేదు. "నాదే సార్" అన్నాడు. లైసెన్సు పోయింది. బయటికి వచ్చాక నాతో అన్నది ఒకటే: "రేయ్, లెక్క తెలీక చేసింటే నేర్పుదును. తెలిసి చేసినోనికి ఏం నేర్పేదిరా?" ఆ తర్వాత పులివెందుల తోటల్లో మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. నేను ఆయన నేర్పిన పనితోనే దర్జాగా బతికాను, నోరు విప్పకుండా.

పాడె దగ్గరికి ఆ నీళ్లు తోడే ఆమె కూడా వచ్చింది. "మీ మామ వల్ల నా చెయ్యి పోయినా, నెలనెలా మా యింటికొచ్చి పలకరిచ్చి పోతాండె. యెట్ల కోపం పెట్టుకుందునప్పా?" అంది. మామ తప్పు కాదమ్మా, నాది అనాలి. పక్కనే నిలబడి వ్యాపారి తల ఊపుతున్నాడు. నేనూ ఊపాను.

ఆమె ముడుచుకుపోయిన కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పి, పట్టుకొచ్చిన పూలు మామ పాదాల మీద వదిలింది.