పెద్దమ్మ చెప్పిన సినిమా

వారం రోజుల ముసురు ఆ పొద్దున కాస్త తెరిపిచ్చింది. కామారెడ్డి పక్కన మా ఊరి చుట్టూ నాట్లు పడుతున్నాయి. తల్లులు పొలాలకు పోయే తొందరలో పిల్లలను ఎనిమిదింటికే అంగన్‌వాడీలో దింపి పోయారు. నేను గుడ్లు పొయ్యి మీద పెట్టి హాజరు పుస్తకం తీశాను. సగం పేర్లు పిలిచేసరికి ఎల్లారెడ్డి నుంచి అత్త ఫోన్ చేసింది.

"బిడ్డా, పెద్దమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది. మళ్ల లేవలే."

మిగిలిన పేర్లు పిలిచి, ఆయాకు పిల్లలను అప్పగించి బస్సెక్కాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఎల్లారెడ్డిలో మా మామ వాళ్లింటి పక్కన ఉండేది. బీడీలు చుట్టేది. ఆ వాడ ఆడవాళ్లకు సినిమాలు చెప్పేది. రెండు మూడు నెలలకోసారి బస్సులో కామారెడ్డి పోయేది. గాంధారి నుంచి ఆమె ఆడబిడ్డ ఆటోలో వచ్చి అక్కడ కలిసేది. ఇద్దరూ మధ్యాహ్నం ఆట చూసేవాళ్లు. ఆ తర్వాత పది రోజులు అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వాళ్లందరికీ ఆ సినిమా నడిచేది. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ చెప్పేది. చేతులు ఆగేవి కావు.

ఒక్క చిక్కు ఉండేది. ఎల్లారెడ్డి బస్సు ఐదింటికి. అది తప్పితే ఇంట్లో మాటలు పడాలి. అందుకని ఏ సినిమా అయినా ఆఖరి అరగంట వదిలేసి లేచి వచ్చేది. ఆ అరగంట ఆమె సొంతం. ఈ సంగతి వాడంతటికీ తెలుసు.

"ఏందే, ఇంతకు హీరో సచ్చిండా, బతికిండా?" అని ఎవరో ఒకరు గిల్లేవాళ్లు.

"మా బస్సు టైముకైతే మంచిగనే ఉన్నడు" అనేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మా నేనూ పిట్లం అవతలి పల్లె నుంచి మామ ఇంటికి వచ్చాం. నాన్న లేడు. మా పల్లెలో మాటలు సగం మరాఠీ. కొత్త బడిలో మొదటి రోజే అమ్మను 'ఆయీ' అన్నాను. అంతే, నా పేరు ఆయీ అయింది. "ఆయీ వచ్చిందిరో" అని తలుపు దగ్గరే అరిచేవాళ్లు. నేను నోరు మూసుకున్నాను. హాజరు పిలిస్తే పలికే మాట కూడా గొంతులోనే ఉండిపోయేది. నేను రాలేదని సార్ రాసుకునేవాడు. రెండు నెలలకు బడి మానేసి, అమ్మ పక్కన చాట పట్టుకుని కూర్చున్నాను. అమ్మ వద్దనలేదు. ఇద్దరం చుడితే ఇల్లు గడుస్తుంది.

బడి మానేసిన నాలుగైదు రోజులకు పెద్దమ్మ కామారెడ్డి పోయి వచ్చింది. ఆ రోజుల్లో వాళ్లింట్లో ఏదో అయింది. ఆమె భర్త పెదనాన్న ఆమెతో మాట్లాడకుండా తిరిగేవాడు. ఎందుకో నాకు తెలియదు. ఆమె మాత్రం నా పక్కకు వచ్చి కూర్చుంది.

"ఒక సిన్మా చూసొచ్చిన. బడి పొల్ల కథ. వీళ్లకెవ్వలకు నచ్చది, ఫైటింగులు లేవు. నీకు చెప్తా. కానీ రేపు బడికి పోయొస్తెనే."

"పోకుంటే?"

"పోకుంటే నీ బీడీలు నువ్వు చుట్టుకో, నా బీడీలు నేను చుట్టుకుంటా."

పోయి వచ్చాను. ఆ సాయంత్రం కొంచెం చెప్పింది. మర్నాడు పోయి వచ్చాను, ఇంకొంచెం చెప్పింది. అట్లా ఇరవై రోజులు నడిపింది.

వేరే ఊరి నుంచి పదో తరగతిలో చేరిన పిల్ల కథ అది. ఎవరూ పక్కన కూర్చోనివ్వరు. సైకిళ్లు పెట్టే రేకుల కింద నిలబడి అన్నం తింటుంది. ఒక రోజు పెద్ద వాన వస్తుంది. అందరూ వరండాలోకి ఉరుకుతారు. ఆ పిల్ల రేకుల కిందే ఉండిపోతుంది. అటు అందరూ, ఇటు ఒక్కతి, నడుమ వాన. ఈ ముక్క చెప్పేటప్పుడు పెద్దమ్మ చేతులు ఆగాయి. దారం వేలికి చుట్టుకుని అట్లాగే ఉంది.

ఇరవయ్యో రోజు ఆఖరు చెప్పింది. ఆ పిల్ల టీసీ తీసుకుని బస్సెక్కుతుంది. బస్సు కదులుతుంది. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచి వచ్చి తరగతిలో కూర్చుంటుంది. పేరు పిలిస్తే గట్టిగా పలుకుతుంది. అందరూ తిరిగి చూస్తారు.

మర్నాడు నా పేరు పిలిచినప్పుడు నేనూ గట్టిగా పలికాను. ఎవరూ తిరిగి చూడలేదు. సార్ హాజరు వేసుకున్నాడు. నాకు అది చాలు. పది పాసయ్యాను. ఇప్పుడు చేస్తున్న కొలువుకు ఆ పదే ఆధారం.

ఆ సినిమా నాలుగు రోజులకే ఎత్తేశారట. ఎవరిని అడిగినా తెలియదనేవాళ్లు. పోయిన ఏడు మా బిడ్డ ఫోనులో వెతికి పెట్టింది. బొమ్మ మసకగా ఉంది. పెద్దమ్మ ఒక సాయంత్రమంతా చెప్పిన వాన అందులో ఒక నిమిషం కూడా లేదు. ఆఖర్లో పిల్ల బస్సెక్కుతుంది. బస్సు పోతుంది. బడి గంట కొడతారు. అయిపోయింది. ఎవరూ దిగలేదు. నాకు ఆ సినిమా చాలా నచ్చింది. గెలవని పిల్లను గెలవనట్టే చూపించారు. అంత నెమ్మది సినిమా నేను మళ్లీ చూడలేదు.

బతుకమ్మకు ఎల్లారెడ్డి పోయినప్పుడు చెప్పాను. "పెద్దమ్మా, నీ సిన్మా చూసిన. ఆ పొల్ల దిగలే."

అప్పటికి ఆమెకు వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పించుకుంది. "దిగుంటది తియ్యి. గా ముక్క వాళ్లు తియ్యలే" అని నవ్వింది.

ఐదింటి బస్సు మహిమే అనుకుని నేనూ నవ్వాను. పూలు పేర్చడానికి ఎవరో పిలిస్తే లేచిపోయాను. ఇంకాసేపు కూర్చుని ఉంటే ఏమైనా చెప్పేదేమో.

ఆ రోజు నేను ఎల్లారెడ్డి చేరేసరికి పెద్దమ్మను ఇంకా ఎత్తలేదు. ఆమె కుడి చూపుడు వేలి మీద దారం కోసిన గీత అట్లాగే ఉంది. అంతా అయి, స్నానాలు చేసి కూర్చున్నాక, గాంధారి ఆడబిడ్డతో ఆ సినిమా మాట ఎత్తాను. ఆఖరు చూడకుండానే ఎంత బాగా కట్టిందో అన్నాను.

ఆడబిడ్డ తడి జుట్టు ముడి వేసుకుంటూ నా వైపు చూసింది.

"చూడకేంది? గదొక్కటే ఆఖరుదాంక చూసినం. లే వదినె, బస్సు పోతది అంటే లేవలే. పోనే పోయింది. కామారెడ్డిల మా చిన్నాయిన ఇంట్ల పండుకొని తెల్లారి వచ్చినం. మా అన్న పది దినాలు వదినెతోటి మాట్లాడలే."

"మరి నాకట్ల చెప్పిందేంది?"

"నేను తిట్టిన, గింత ఏడుపు సిన్మాకు బస్సు తప్పిచ్చినవని. ఆమె నా మాటే ఇనలే. ఇంటి పక్క పొల్ల బడి మానేసింది, దానికి ఆఖరు గిట్ల చెప్పొద్దు, ఏదన్న జెయ్యాలె, అన్నది. తొవ్వంత గదే."

అరుగు మీద ఆమె చాట బోర్లించి ఉంది. మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

ఆడబిడ్డ నాలుగింటికి గాంధారి పోయింది. కామారెడ్డి వైపు ఐదింటి బస్సు పోయింది, నేను లేవలేదు. నేను ఆరున్నర బస్సుకు కామారెడ్డి వచ్చాను.