ఆపే ముందు అడుగుదాం

మా అత్తయ్యగారు రిటైరయ్యేదాకా ఏలూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంక్‌కాల్ ఆపరేటరుగా పనిచేశారు. అవతలివాళ్ళు చెప్పిన నంబరు తిరిగి వాళ్ళకే చదివి వినిపించి, "అంతేనాండి?" అని అడిగి, వాళ్ళు అవునంటేగానీ లైను కలిపేవారు కాదట. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. పాలాయన రేపు రానని చెబితే, "రేపు రావు, ఎల్లుండి వస్తావు, అంతేనా?" అనేవారు. కాపురానికి వెళ్ళిన కొత్తలో నాకది ఒట్టి చాదస్తంలా తోచేది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని.

మా ఆయన ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేసేవారు. మాదాపూర్ దగ్గర హైటెక్ సిటీ కడుతున్న రోజులవి. పని అక్కడే కాబట్టి అత్తయ్యతో సహా వచ్చి గచ్చిబౌలి ఊళ్ళో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నాం. చుట్టూ బండరాళ్ళు, మధ్యమధ్య సీతాఫలం చెట్లు. పగలంతా ఎక్కడో ఒకచోట రాళ్ళు పేలుస్తూనే ఉండేవాళ్ళు. పెళ్ళయిన మూడో ఏడు ఆయన దగ్గుతో మంచాన పడ్డారు. ముందు టీబీ అన్నారు. తర్వాత రక్తం పరీక్ష చేసి హెచ్‌ఐవీ అని తేల్చారు. అప్పటికే ఒళ్ళు పూర్తిగా పాడైపోయింది. ఆయన పోయాక నాకూ పరీక్ష చేశారు. నాకూ ఉందన్నారు.

కర్మకాండ ముగిశాక మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, తల్లిని విజయవాడ తీసుకుపోవడానికి సిద్ధమయ్యారు. పక్క గదిలో నాకు వినబడుతుందని తెలిసే మాట్లాడారు.

"నువ్విక్కడ ఉండి చేసేదేముందమ్మా? నీకు కూడా అంటుకుంటే?"

"పక్కన ఉన్నంత మాత్రాన అంటుకోదు. ఆసుపత్రిలో అడిగాను."

"అయినా సరే..."

"అదెవరి వల్ల వచ్చిందిరా దానికి? నీ తమ్ముడి వల్ల. నా కొడుకు వల్ల. నేనెక్కడికీ రాను."

కొడుకు పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఏ తల్లయినా అలాంటప్పుడు పోయినవాడి మంచే తలుచుకుంటుంది. ఆవిడ మాత్రం నిజం పైకి చెప్పి, నా పక్కన ఉండిపోయారు. అప్పుడు నాకు ఏడుపు తప్ప ఇంకేమీ తెలియలేదు గానీ, ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత గుండె కావలసి వచ్చిందో ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

నాకు అప్పటికే ఉద్యోగం ఉంది. కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసు. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు మేం హెడ్‌ఫోన్లలో విని టైపు చేయాలి. కాలి కింద పెడల్ ఉంటుంది. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. సెలవు అయిపోయి పనిలోకి వెళ్ళిన కొద్దిరోజులకే, ఒక డాక్టరు హెచ్‌ఐవీ రోగి గురించి చెబుతున్న ఫైలు నా దగ్గరికి వచ్చింది. మూడు మందులు కలిపి ఇస్తున్నామని, బరువు పెరిగాడని, ఉద్యోగానికి వెళుతున్నాడని ఆయన మామూలుగా, జలుబు గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పుకుపోతున్నాడు. నేను పెడల్ మీంచి కాలు తీసేశాను. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. ఈ జబ్బుతో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టేశారు.

"ఆ మందులు మన దగ్గర దొరుకుతాయా?"

"ఏమో అత్తయ్యా."

"అయితే అడుగుదాం."

ఆవిడ అడగడం మొదలుపెడితే ఎలా ఉంటుందో ఆ తర్వాత చూశాను. పెద్దాసుపత్రిలో అడిగారు, మందుల షాపుల్లో అడిగారు. ఆ పేరు వినగానే ఎదుటివాళ్ళు మొహం తిప్పుకున్నా ఆవిడ కదిలేవారు కాదు, జవాబు వచ్చేదాకా నిలబడేవారు. నేనైతే నాలుగడుగుల దూరంలో, ఆవిడెవరో నాకు తెలియనట్టు గోడవైపు చూస్తూ ఉండేదాన్ని. చివరికి నాంపల్లి వైపు, ఈ మందులు ఇస్తున్న డాక్టరుగారొకరు ఉన్నారని తెలిసింది.

ఆయన నడివయసు మనిషి. మాట మెత్తన. ముందు రక్తపరీక్షలన్నీ చేయించి, రిపోర్టులు చూసి, అప్పుడు మందుల గురించి చెప్పారు. రెండు మందులు కలిపిన బిళ్ళ ఒకటి, మూడో మందు విడిగా ఇంకో బిళ్ళ.

"ఇవి జబ్బుని పూర్తిగా తీసెయ్యవమ్మా, అణిచి ఉంచుతాయి. అందుకని రోజూ వేసుకోవాలి, పొద్దునా రాత్రీ ఒకే వేళకి. ఈ విడి బిళ్ళ మాత్రం మొదటి రెండు వారాలు ఒక్క పూటే. ఒంటికి అలవాటయ్యాక రెండు పూటలా. ఈలోగా ఒంటిమీద దద్దుర్లు లేచినా, జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా వెంటనే రండి. తగ్గుతుందిలే అని ఇంట్లో కూచోవద్దు."

నేను తలూపాను. అత్తయ్య తలూపలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని మొత్తం తిరిగి అప్పజెప్పారు. గది తలుపు ఓరగా తెరిచే ఉంది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి వినపడుతుందేమోనని నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. అప్పజెప్పడం అయ్యాక ప్రశ్నలు.

"ఒక పూట మర్చిపోతే, తర్వాతి పూట రెండూ కలిపి వేసుకోవచ్చాండి?"

"వద్దమ్మా. గుర్తొచ్చినప్పుడు ఒక్కటే. తర్వాతి పూట దగ్గర పడితే, ఎప్పటిలాగే ఒక్కటే."

"జలుబు చేస్తే మామూలు బిళ్ళ వేసుకోవచ్చాండి?"

"ఏదైనా సరే, నన్ను అడిగి. కొన్ని మందులకీ వీటికీ పడదు."

డాక్టరుగారు నవ్వారు. "అందరూ మీలా అడిగితే నాకు సగం భయం తగ్గుతుందమ్మా" అన్నారు.

మందులు ఖరీదే. ఆవిడ పింఛను, నా జీతం కలిపి ఎలాగో నెట్టుకొచ్చాం. వంటింట్లో ఆవిరి తగులుతుందని సీసాలు బీరువాలో బట్టల మధ్య పెట్టేవారు. నా షిఫ్టులు వారానికోరకంగా మారుతుంటే బిళ్ళల వేళ తప్పుతుందని, ఆఫీసులో అడిగి పగటి షిఫ్టే వేయించుకోమన్నారు. కారణం చెప్పకుండా ఎలా అడగను అంటే, "ఇంట్లో పెద్దావిడ ఉంది, రాత్రిపూట ఒంటరిగా వదల్లేను అను. అబద్ధం కాదుగా" అన్నారు. అడిగితే ఇచ్చారు.

రెండు వారాలు ఏ దద్దుర్లూ రాకుండా గడిచాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు బాగానే ఉన్నాను. అప్పటిదాకా బాధపెట్టిన నోటిపూత తగ్గింది, అన్నం రుచి తెలిసింది. ఇక ఫరవాలేదనుకుంటున్న సమయంలో నీరసం మొదలైంది. ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే ఆయాసం. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవుల్లో గుండె చప్పుడే వినిపించేది. మా ఆయన చివరి రోజులు గుర్తొచ్చాయి. అత్తయ్య కంగారు పడతారని పైకి అనలేదు గానీ, ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఇంటి ఓనరమ్మ కూడా గమనించింది. ఆమె ఆ ఊరి మనిషే. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు డ్రమ్ముల దగ్గర నన్ను చూసి అత్తయ్యతో అంది.

"ఏంది పెద్దమ్మా, నీ కోడలు గిట్ల పాలిపోయింది? ఎప్పుడు జూసినా దవాఖానకే పోతున్నరు. ఏం బీమారి?"

ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి వెళ్ళాలి?

"ఒంట్లో బాగోలేదమ్మా, మందులు వాడుతోంది" అన్నారు అత్తయ్య. "ఏ జబ్బో నేను చెప్పకూడదు. అది చెప్పదలుచుకుంటే అదే చెబుతుంది."

ఓనరమ్మ ఒక్క క్షణం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సరే తియ్. ఫికర్ చెయ్యకుండ్రి" అని పైపు తీసి ముందు మా డ్రమ్ములో వేసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ వారమే బావగారు వచ్చారు. తెలిసినవాళ్ళ ద్వారా ఎక్కడో ఉన్న నాటువైద్యుడి దగ్గర నుంచి నల్లటి పొడి తెప్పించారు. ఇంత దూరం మోసుకొచ్చారంటే ఆయన మనసులో నా మీద కోపం లేదని అప్పుడే అర్థమైంది. ఉన్నది భయమే.

"నలభై రోజులు ఇంగ్లీషు మందులు పూర్తిగా మానేసి ఇది తేనెతో వేసుకోవాలట. వేళ్ళతో సహా పోతుందట" అన్నారు. "అసలు ఆ బిళ్ళలే దీన్ని ఇలా చేస్తున్నాయమ్మా. చూడు ఎలా అయిపోయిందో."

నేను ఆ పొట్లం వైపే చూస్తున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట నచ్చింది. వేళ్ళతో సహా పోతుందని డాక్టరుగారు ఎప్పుడూ అనలేదు.

"అత్తయ్యా, నాకూ అలాగే అనిపిస్తోంది. ఈ బిళ్ళల వల్లే నాకిలా అవుతోంది. ఆపేస్తాను" అన్నాను.

కోప్పడతారనుకున్నాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని గోళ్ళు చూశారు, కంటి రెప్ప కిందికి లాగి చూశారు.

"నీ ఒళ్ళు నీది. నేను బలవంతపెట్టను" అన్నారు. "బిళ్ళల వల్లేనేమో కూడా. అయితే ఆ సంగతి ఇచ్చినాయనకి తెలియద్దూ? ఆపే ముందు అడుగుదాం. ఈ పూటది వేసుకో. పొద్దున్నే వెళ్దాం."

తర్వాత కొడుకు వైపు తిరిగి, "నువ్వు తెచ్చింది కూడా తీసుకెళతాన్రా. చూపించి అడుగుతాను" అన్నారు.

మర్నాడు డాక్టరుగారు నన్ను చూడగానే రక్తం పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బయట జనం నిండిపోయారు. డాక్టరుగారు పొద్దుటి నుంచీ కుర్చీలోంచి లేచినట్టు లేదు.

"మీ అనుమానం నిజమేనమ్మా" అన్నారు నాతో. "జబ్బు ముదరలేదు. కలిపిన బిళ్ళలో ఉన్న రెండు మందుల్లో ఒకటి మీ రక్తాన్ని తగ్గించేస్తోంది. కొందరికి అలా అవుతుంది. ఇంకా ఆలస్యమైతే రక్తం ఎక్కించాల్సి వచ్చేది. మంచిపని చేశారు, వచ్చారు."

అత్తయ్య సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టి, బావగారు చెప్పిందంతా చెప్పారు. డాక్టరుగారు ఎగతాళి చేయలేదు.

"ఇందులో ఏముందో నాకు తెలియదమ్మా. తెలియనిదాన్ని ఈ మందులతో కలిపి వేసుకుంటే కాలేయం దెబ్బతినొచ్చు. ఇవి ఆపి అది వేసుకుంటే ఇంకా ప్రమాదం. ఇష్టం వచ్చినట్టు ఆపి మళ్ళీ మొదలుపెడితే వైరస్ ఈ మందులకి లొంగదు. అప్పుడు ఇవ్వడానికి మన దగ్గర ఎక్కువ మందులు లేవు."

పాత చీటీలోనే కింద కొత్త మందు రాసి ఇచ్చారు. ఆ రాత్రి నుంచే మొదలుపెట్టమన్నారు. తర్వాతి రోగిని పిలవడానికి గంట మీద చెయ్యి వేశారు. నేను లేచి నిలబడ్డాను. అత్తయ్య లేవలేదు.

"పాత బిళ్ళలు ఎప్పటిలాగే వేసుకుంటూ, వాటికి తోడు ఈ కొత్తది వేసుకోవాలి. అంతేనాండి?"

డాక్టరుగారి చెయ్యి గంట మీద నుంచి లేచింది.

"కాదమ్మా! కాదు కాదు. ఆ కలిపిన బిళ్ళ ఇక ముట్టుకోవద్దు, దానికి బదులే ఇది. పాతదీ కొత్తదీ రెండూ కలవకూడదు." చీటీ వెనక్కి తీసుకుని చూసుకున్నారు. కొత్త మందు రాశారే గానీ పాతదాని మీద గీత కొట్టలేదు. ఈసారి గీత కొట్టి, ఏ బిళ్ళ ఏ పూట వేసుకోవాలో మళ్ళీ వరసగా రాశారు. "ఎంత మంచిదయింది మీరు అడగడం" అన్నారు.

కొత్తది రక్తం పట్టడానికి అదనంగా ఇచ్చారనే నేను కూడా అర్థం చేసుకున్నాను. రోజంతా మందుల పేర్లు వింటూ టైపు చేసేదాన్ని, అయినా పాత బిళ్ళ మానేయాలని నాకు తట్టలేదు. ఆవిడకీ తట్టలేదు. కాకపోతే ఆవిడ తనకి అర్థమైంది సరైనదేనని ఎప్పుడూ అనుకునేవారు కాదు, ఎదుటివాళ్ళు అవునన్నాకే నమ్మేవారు. ఆ కలిపిన బిళ్ళ సీసాని ఆ సాయంత్రమే వేరే పెట్టి, తర్వాత ఆసుపత్రిలో అప్పగించారు. మిగిలినవి ఇంకెవరికైనా పనికొస్తాయేమో అని నేనంటే, "ఎవరికి ఏది పడుతుందో మనకేం తెలుసు?" అన్నారు.

కొద్ది వారాల్లో నాకు రంగు తిరిగింది. ఆయాసం పోయింది. ఒకరోజు ఆఫీసులో మూడో అంతస్తు దాకా ఎక్కేసి, పైకి వెళ్ళాక గానీ ఎక్కానని గమనించుకోలేదు. అత్తయ్య ఎస్టీడీ బూత్ నుంచి పెద్దకొడుక్కి ఫోన్ చేశారు. "నువ్వు తెచ్చినందుకు సంతోషంరా. డాక్టరుగారు వద్దన్నారు, వాడలేదు. మందు మార్చారు, ఇప్పుడు బాగుంది" అని చెప్పారు.

పరీక్షలకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ బయట బెంచీ మీద ఎవరో ఒకరి పక్కన చేరేవారు. ఒకసారి నేను లోపలి నుంచి వచ్చేసరికి, కొత్తగా పెళ్ళయినట్టున్న ఒక జంట ఆవిడకి చెరోవైపు కూర్చుని ఉన్నారు. లోపల ఏమేం అడగాలో ఆవిడ చెబుతున్నారు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూనే వింటోంది. ఆ అబ్బాయి మాత్రం, "ఇవన్నీ అడిగితే కోప్పడరాండి?" అన్నాడు. "కోప్పడితే కోప్పడనీ బాబూ. జవాబు చెప్పాకే లేవండి" అన్నారు అత్తయ్య. పరిచయం లేని మనుషుల మధ్య, ఆ జబ్బు పేరు గొంతు తగ్గించకుండా పలుకుతున్న ఆవిడని చూస్తూ నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఈసారి దూరంగా నిలబడాలనిపించలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఆవిడ ఆ తర్వాత పదేళ్ళకి పైగా, పోయేదాకా నాతోనే ఉన్నారు. మందులు ఎన్నోసార్లు మారాయి. ఇప్పుడు రోజుకి ఒక్క బిళ్ళ. గచ్చిబౌలిలో మా పాత వాటా ఉన్నచోట పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి.

బావగారి అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు హాస్టల్లో ఉంచుతారనుకున్నాను. ఆయన ఆ పిల్లని పెట్టెతో సహా తెచ్చి మా ఇంట్లో దింపారు. "పిన్ని దగ్గరే ఉంటుందిలే" అన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, ఎప్పుడూ లేనిది నన్నే సూటిగా అడిగారు.

"మందులు వేళకి వేసుకుంటున్నావా అమ్మా?"

"వేసుకుంటున్నానండి" అన్నాను.