ఆడిన పుస్తకం

కళ్ళజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే మనిషిని అందరూ అద్దాలాయన అంటారు. ఎక్కడైనా గీత కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు. ఇంట్లో స్టీలు గ్లాసు మీద గీత పడ్డా భార్యను నిలదీస్తాడు. అలాంటి మనిషికి పుస్తకాలు పోగుచేసే పిచ్చి పట్టింది. నవలలు కావు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక వేషం కట్టి కథ నడుపుకునే ఆట పుస్తకాలు.

ఆ ఆట నేర్పింది పక్కవీధి ఎలక్ట్రీషియన్. వరసకు ఏమీ కాకపోయినా అద్దాలాయన అతన్ని అన్నయ్యా అని పిలిచేవాడు. కథ చెప్పేది ఎప్పుడూ అన్నయ్యే. ఆయన పుస్తకం అంచుల నిండా పెన్సిలు రాతలే: రాక్షసి ఏ గొంతుతో మాట్లాడాలి, దొంగ వేషంలో అద్దాలాయన ఏ గుమ్మం దగ్గర బోర్లా పడ్డాడు, అన్నీ. "బాగా వాడిన పుస్తకం" అని ఎవరైనా మూతి తిప్పితే, "వాడింది కాదు, ఆడింది" అనేవాడు. జబ్బుపడ్డాక దాన్ని అద్దాలాయన చేతిలో పెట్టి, "ఆట ఆపకండిరా" అన్నాడు. ఆయన పోయాక ఆట ఆగనే ఆగింది. పుస్తకం మాత్రం బీరువా ఎక్కింది.

ఇవి కూడా దాచుకునే వస్తువులేనా అని షాపులో తోటివాళ్లు నవ్వేవారు. అద్దాలాయనకు పౌరుషం వచ్చింది. పాత పుస్తకాలు సేకరించే పెద్దమనిషి ఒకాయనను ఇంటికి పిలిచి అన్నయ్య పుస్తకం చూపించాడు. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "మొదటి అచ్చే. కానీ వాడేశారు కదండీ" అని పెదవి విరిచాడు. ఆ ఒక్క మాట చాలింది. ఆదివారమంతా కూర్చుని, మెత్తని రబ్బరుతో, కాగితం నలగకుండా ఒక్కో రాతా చెరిపేశాడు. పని ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాడు కూడా, మహానుభావుడు.

కొన్నాళ్లకు అన్నయ్య భార్య వచ్చింది.

"మా అమ్మాయి ఆ ఆట మొదలుపెడుతుందట బాబూ. వాళ్ల నాన్న ఎలా చెప్పేవారో అలాగే చెప్పాలట. ఆ పుస్తకం ఓసారి ఇస్తావా?"

అద్దాలాయనకు తల కొట్టేసినట్టయింది. బీరువా తాళంచెవి కనిపించడం లేదంటూ ఇల్లంతా వెతికాడు. అది జేబులోనే ఉందని ఆయనకు తెలుసు. చివరికి తీసి ఇచ్చాడు. ఆవిడ పేజీలు తిప్పింది. మళ్లీ మొదటినుంచి తిప్పింది.

"ఇది వేరేదేమో. మీ అన్నయ్యది నిండా రాసి ఉంటుంది."

అవునంటే గండం గడిచిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇదే వదినా. కొత్తదానిలా ఉండాలని అన్నీ నేనే చెరిపేశాను."

ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో తలెత్తలేక నిలబడ్డాడు. ఆవిడ పుస్తకం మూసి, ఆయన ముందే బల్ల మీద పెట్టింది.

"నీ దగ్గరే ఉండనీ బాబూ. ఉత్త అచ్చుదైతే అమ్మాయికి షాపులో కొనిస్తాలే."